మబ్బు మీద పందెం

రెండేళ్లుగా వాన లేదు. మర్రిపాడు నుంచి మందతో వచ్చిన కొండలయ్యకు ఆ మధ్యాహ్నం ఉదయగిరి కొండ మీద చారెడు మబ్బు కనబడింది. పొద్దుగుంకేలోగా అది కురుస్తుందని సంతలో చొప్ప అమ్మే చెంచురామయ్యతో పందెం వేశాడు. కురిస్తే చెంచురామయ్య బండెడు చొప్ప ఇవ్వాలి. కురవకపోతే కొండలయ్య తన పొట్టేలును వదులుకోవాలి. తల్లి చస్తే ఒళ్లో పెట్టుకుని పాలు పట్టి పెంచిన పొట్టేలది.

అంతలో పోలీసు హెడ్డు సైకిలు దిగాడు.

"ఏందిరా, పందెమా? నేరమని తెలీదా?"

"మద్రాసులో గుర్రాల పందేలకు సర్కారు ఒప్పుకుంటాదంట గదా, సామీ?"

"గుర్రానికి పర్మిషను ఉండాది, మబ్బుకు లేదు. తోలుకోనిపో నీ పొట్టేల్ని."

వాన కోసం ఒడ్డినది వెనక్కి తీసుకుంటే వాన కూడా వెనక్కి పోతుందని కొండలయ్య లాంటి మందల వాళ్ల నమ్మకం.

"మొక్కుకుంటే తప్పా, సామీ?"

"మొక్కుకు కేసు లేదులే."

"అయితే వాన పడితే ఈ పొట్టేలు అంకమ్మ తల్లికే" అనేశాడు.

చెంచురామయ్య పకపకా నవ్వాడు. "ఓరి పిచ్చోడా! ఇందాకైతే వానొస్తే పొట్టేలు నీకు మిగిలేది. ఇప్పుడు వానొస్తేనే పోతాది గదరా!"

కొండలయ్య పొట్టేలు మెడ చుట్టూ చెయ్యి వేసి కూలబడ్డాడు. మబ్బు నిద్రలో నడిచినట్టు కొండ దిగి వచ్చింది. వెలుతురు పలచబడి, సంతంతా నీళ్లడుగున ఉన్నట్టు కనిపించింది. రమ్మనలేక, వద్దనలేక కొండలయ్య కళ్లు మూసుకున్నాడు. తడిసిన బొచ్చు వాసన ముక్కుకు తగిలింది. కళ్లు తెరవకుండానే పొట్టేలును ఇంకా దగ్గరకు లాక్కున్నాడు.