శుక్రవారం ఉప్పు, శనివారం మబ్బు

పొద్దున లేవగానే పట్టమ్మాళ్ చేసే మొదటి పని సముద్రానికి నీళ్ళు పోయడం. కాఫీ, పూజ, పక్కింటి కబుర్లు అన్నీ ఆ తర్వాతే. హాల్లో టీవీ ఉండాల్సిన చోట కొడుకు కుమారవేల్ పెట్టిన అద్దాల తొట్టి ఉంది. అందులో ఉప్పునీళ్ళు, సముద్రపు రాళ్ళు, నారింజ రంగు మీద తెల్లపట్టీలున్న చేపలు రెండు. రోజూ ఆ నీళ్ళు కాస్త తగ్గుతాయి. తగ్గినంత మేరకు ఫిల్టరు నీళ్ళు చెంబుతో అంచు వెంట మెల్లగా పోయాలి, అద్దం మీద కొడుకు గీసిన నల్లగీత దాకా.

"నీళ్ళు దా ఆవిరైపోతాయమ్మా, ఉప్పు ఎక్కడికీ పోదు. అందుకని మంచినీళ్ళు మాత్రం పోయాల" అని, నొక్కి చెప్పాల్సిన మాటకు తమిళపు 'దా' తగిలించే ఆ ఊరి తెలుగులో, మొదటిరోజే చెప్పాడు కొడుకు. ఆమె తలాడించింది. తలాడించినంత మాత్రాన మాట బుర్రకెక్కిందని కాదు. ఆ సంగతి ముందుముందు వస్తుంది.

కోవిల్‌పట్టిలో తాగే నీళ్ళకే బిందెలు వరుస కట్టిన కాలం ఇంకా ఎవరూ మరిచిపోలేదు. అలాంటి ఊళ్ళో ఇంట్లో సముద్రం పెట్టుకుంటానని మొగుడు అన్నప్పుడు కోడలు సంగవి నెత్తి కొట్టుకుంది. మోటార్లు బాగుచేసే షాపు పెట్టుకున్నవాడికి ఈ పిచ్చి ఎక్కడ పట్టిందో దేవుడికే ఎరుక. విరుదునగర్ నుంచి గడ్డి చుట్టి వ్యానులో తొట్టి తెచ్చాడు. సంచుల్లో వచ్చే సముద్రపు ఉప్పు పొడిని ఫిల్టరు నీళ్ళలో కలిపి, ఉప్పు కొలిచే మీటరు ముంచి చూసి, మళ్ళీ కలిపి, మళ్ళీ చూశాడు. తూత్తుకుడి నుంచి రాళ్ళు తెచ్చి పేర్చాడు. పంపులు తిప్పాడు. ఆ మీదట చేపలు వేయకుండా నెలకు పైగా ఊరికే కూర్చున్నాడు. వచ్చినవాళ్ళంతా "ఏంరా, రాళ్ళు పెంచుతుండావా?" అని ఒకటే నవ్వు.

పట్టమ్మాళ్ ఒక్కతే నవ్వలేదు. "నేల పదునెక్కకుండా విత్తనం వేస్తామా? నీళ్ళూ అంతే దా" అంది. కొడుకు ఆమె వంక చూసిన చూపు ఆమెకు ఇప్పటికీ గుర్తే. మొగుడు పోయి, ఊరు విడిచి ఈ ఇంటికి వచ్చాక, తన మాటకు ఎవరైనా అలా చూడటం అదే మొదటిసారి. తొట్టికి నీళ్ళు పోసే పని ఆమెకు దక్కింది అలాగే.

తగ్గిన నీళ్ళు ఎక్కడికి పోతాయంటారా? ఎక్కడికీ పోవు. పొద్దెక్కేసరికి తొట్టి మీద పొగలా లేచి, ఫ్యాను కింద తలగడంత మబ్బుగా కూడుకుంటాయి. ఆ మబ్బు కాసేపు హాల్లో తిరిగి, కిటికీలోంచి బయటపడి, పక్కింటి మిద్దె మీద కురిసేది. పక్కింటి తమిళ్‌సెల్వి ఒకరోజు చేట పట్టుకుని వాకిట్లోకే వచ్చేసింది.

"అక్కా! మీ మబ్బును కాస్త పట్టుకోకూడదా? చల్లమిరపకాయలు ఎండబెట్టిన రోజు దా చూసి కురుస్తాది!"

మబ్బు ఉండటం తప్పని ఆమె అనలేదు. వేళాపాళా లేదనే ఆమె బాధ. కుమారవేల్ కూడా న్యాయమేనని ఒప్పుకుని, తొట్టికి సరిపడా గాజు మూత కోయించి పెట్టాడు. గాలి కోసం బెత్తెడు సందు వదిలాడు. ఆ సందులోంచి దూదిపింజంత మబ్బు వచ్చి ఫ్యానుకు తగులుకుని, సాయంత్రానికి కరిగిపోయేది.

కయత్తారు పోయే దారిలో, గాలిమరల నడుమ, పట్టమ్మాళ్‌కు నల్లరేగడి చేను ఉంది. బావి లేదు, బోరు లేదు, పైనుంచి పడితేనే పంట. కాపురానికి వచ్చిన నాటినుంచి ఆ మట్టిలోనే ఆమె కాళ్ళు పగిలాయి, ఆ మట్టే మళ్ళీ పగుళ్ళలో నిండింది. ఇప్పుడు మరిది వీరసామి చూసుకుంటున్నాడు. రెండేళ్ళు వరసగా వాన ముఖం చాటేసింది. గాలిమరల కంపెనీ మనిషి కుమారవేల్ షాపుకు వచ్చి చేను అమ్మమని అడుగుతున్నాడు.

"ఈ ఏడు కూడా మినుము ఎండితే ఇచ్చేద్దామమ్మా. చిన్నాయన మాత్రం ఎన్నాళ్ళని ఆకాశం చూస్తాడు?" అన్నాడు కుమారవేల్.

అడిగినవాడు కన్నకొడుకు, అడిగిన మాటలో అబద్ధం లేదు. "సరే నాయనా, ఎండితే నీ ఇష్టం" అనేసింది. అన్ననాటి నుంచి ఆమెకు అన్నం సరిగా దిగడం లేదు.

కార్తీకం వచ్చింది. వీరసామి ఫోన్ చేశాడు. "వదినా, చేను పూత మీద ఉండాది. ఒక్క వాన, ఒక్కటంటే ఒక్కటి. లేకపోతే పూతంతా రాలిపోతాది." కంపెనీ మనిషి వచ్చే సోమవారం చేను చూడటానికి వస్తానన్నాడట.

పట్టమ్మాళ్ ఫోన్ పెట్టేసి ఫ్యాను వంక చూసింది. కొడుకు భోజనానికి వచ్చినప్పుడు అడిగేసింది. "నాయనా, ఆ మూత తీసెయ్యి. మబ్బును చేనికి తీసుకొని పోతాను."

"అమ్మా, అది మన వాకిలికే చాలదు, చేనికి ఏం చాలుతాది? పైగా నీళ్ళు ఊరికే తగ్గిపోతే చేపలకు ఆగదు." చేయి కడుక్కుని వెళ్ళిపోయాడు.

ఆమె ఊరుకునే మనిషా? కొడుకు షాపుకు పోగానే తనే మూత ఎత్తి పక్కన పెట్టింది. కూర్చుని చూసింది. మబ్బు లేవలేదు. మరునాడూ లేవలేదు. నీళ్ళ మీద చిన్న ఆవిరి ఆడి అక్కడే అణగిపోయింది. చేపలు రెండూ మూలన చేరి మొప్పలు ఎగరేస్తున్నాయి, మేత గింజలు వేస్తే తల కూడా తిప్పలేదు.

ఆ సాయంత్రం కుమారవేల్ మీటరు ముంచి చూశాడు. తుడిచి మళ్ళీ ముంచాడు. ముఖం మాడిపోయింది.

"ఉప్పు ఇంత ఎట్ల ఎక్కింది? సంగవీ, ఎవరైనా దీంట్లో ఉప్పు వేసినారా?"

సంగవి అత్త వంక చూసింది. అత్త దేవుడి గూడు వంక చూసింది.

ఆ ప్రాంతంలో కొత్తింట్లోకి ముందు పోయేది మనిషి కాదు, ఉప్పు. శుక్రవారం ఉప్పు కొని తెస్తే లక్ష్మి నడిచి వచ్చినట్టే. తొట్టి ఇంటికి వచ్చిన నాటినుంచి ప్రతి శుక్రవారం తలకు పోసుకుని, దీపం పెట్టి, గుప్పెడు కల్లుప్పు నీళ్ళలో వేస్తూ వచ్చింది పట్టమ్మాళ్. దాచిపెట్టి చేసింది కాదు. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

"సముద్రమంటే లక్ష్మికి పుట్టిల్లు కదరా" అంది చిన్నగొంతుతో. "పుట్టింటికి ఉత్తచేతులతో పోతామా?"

"ఇదేం కుళంబు కూరా అమ్మా, ఉప్పు చాలలేదని గుప్పెడు గుప్పెడు వేయడానికి? ఉప్పు ఎక్కడికీ పోదని చెప్పితిని కదా! అన్ని శుక్రవారాల ఉప్పూ లోపలే ఉండాది. అంత ఉప్పును మోస్తూ నీళ్ళు ఎట్ల లేస్తాయి?" గొంతు పెంచాడు కుమారవేల్. పెంచిన మరుక్షణమే తగ్గించాడు గానీ, తగలాల్సిన చోట తగిలేసింది. పట్టమ్మాళ్ వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మబ్బు ఆగిపోయింది ఎవరి వల్లో కాదు, తన చేతివల్లే. చేను పోతే అదీ తన చేతివల్లే.

బాగుచేయడం తొందరపడితే అయ్యే పని కాదు. ఒక్కసారిగా మంచినీళ్ళు పోస్తే చేపలు తట్టుకోలేవు. రోజూ కొంచెం ఉప్పునీళ్ళు తోడి పారబోయాలి, ఆ జాగాలో మంచినీళ్ళు సన్నటి గొట్టంలోంచి బొట్టు బొట్టుగా దిగాలి. కుమారవేల్ గొట్టం కట్టి పోయేవాడు. పట్టమ్మాళ్ పక్కనే పీట వేసుకుని బొట్లు చూస్తూ కూర్చునేది. తల్లీకొడుకుల మధ్య మాటలు కూడా అలాగే బొట్టు బొట్టుగానే నడిచాయి. శుక్రవారం వచ్చింది. ఆమె చేయి అలవాటుగా ఉప్పు జాడీలోకి పోయింది. గుప్పెడు తీసింది, తొట్టి దాకా నడిచింది, నిలబడింది. "తల్లీ, కోపం పెట్టుకోవద్దు" అని తిరిగి జాడీలో పోసేసింది.

ఆ రోజు చేపలు మూల వదిలి బయటికి వచ్చాయి.

శనివారం పొద్దున కుమారవేల్ షాపుకు వెళ్ళాడో లేదో, సంగవి వచ్చి గాజు మూతను రెండు చేతులా ఎత్తి గోడకు ఆనించింది.

"అత్తా, ఆయన షాపుకు పోయినారు. చూడండి, లేస్తుండాది. ఎత్తుకొని పొండి."

మబ్బు లేచింది. తెల్లగా, బొద్దుగా, ఏకిన దూదితో కొత్తగా కుట్టిన తలగడలా. పట్టమ్మాళ్ కోడలి బుగ్గలు పుణికింది. సంచీ చంకన పెట్టుకుని, దూడను పిలిచినట్టు నాలుకతో చప్పుడు చేసి వాకిలి దాటింది. మబ్బు వెనకే వచ్చింది.

బస్సులో కండక్టర్ దాన్ని కిందా మీదా చూశాడు. "అవ్వా, ముందర వద్దు. జనం మీద కారుతుంది. వెనక సీటుకు తీసుకుపో." వెనక సీట్లో కోళ్ళ గంపతో ఒకాయన ఉన్నాడు. కాస్త జరిగి మబ్బుకు చోటిచ్చాడు.

వీరసామి గట్టు మీద నిలబడి ఎదురుచూస్తున్నాడు. మినుప మొక్కలు తలలు వేలాడేసి ఉన్నాయి. పట్టమ్మాళ్ చేను నడుమకు పోయి "ఇక్కడ కురువు నాయనా" అంది. మబ్బు కురిసింది. మంచి వాన, చినుకు చినుకూ నేలలో దిగింది. ఆమె వేలు తడిపి నాలుక మీద పెట్టుకుంది. ఉప్పు లేదు, తియ్యటి నీళ్ళు. కానీ నులకమంచం పట్టేంత మేర తడిసేసరికి మబ్బు అయిపోయింది.

వీరసామి తడిసిన మేరను చూశాడు, ఎండిన చేనినీ చూశాడు. "మంచి వాన దా వదినా. కొంచెం ముందే నిలిచిపోయింది."

ఆమె నవ్వింది. నవ్వుతూనే ఏడ్చేసింది. కొడుకు చెప్పిందే నిజమైంది. అయినా ఆ సాయంత్రం బస్సు ఎక్కలేదు. సోమవారం ఆ మనిషి వచ్చేదాకా చేనితోనే ఉంటానంది. వీరసామి ఇంట్లో నాలుగు ముద్దలు తిని పడుకుంది.

ఆదివారం పొద్దున చేనికి వచ్చి, తడిసిన మేరలో మొక్కలు తలెత్తి ఉండటం చూసి, వంగి ఒక పువ్వును తాకింది. అప్పుడే వీరసామి కేక వేశాడు. "వదినా! దారి మీద చూడండి!"

కోవిల్‌పట్టి వైపు నుంచి, లారీల పైన, గాలిమరల రెక్కలకు తగలకుండా పక్కలకు తప్పుకుంటూ ఒక మబ్బు వస్తోంది. తలగడంత కాదు. ఎడ్లబండి అంత ఉంది. నిన్న వచ్చిన దారి గుర్తుపెట్టుకున్నట్టు గట్టు దగ్గర మలుపు తిరిగి, చేనిలోకి దిగి, నిన్న ఆగిన చోటినుంచి కురవడం మొదలుపెట్టింది.

పట్టమ్మాళ్ తడుస్తూ అలాగే నిలబడింది. ఆదివారం షాపు లేదు. కుమారవేల్ ఇంట్లోనే ఉంటాడు. వాడుండగా, వాడికి తెలియకుండా, ఆ మూత ఎవరూ తీయలేరు.

కొంగులో ముడేసిన ఫోన్ మోగింది.

"అమ్మా, మబ్బు వచ్చి చేరిందా?"

"చేరింది నాయనా. చాలా పెద్దది చేరింది."

"మూత మొత్తం తీసేసినాను. నీళ్ళ మీదికి టేబుల్ ఫ్యాను కూడా పెట్టినాను. తమిళ్‌సెల్వి అక్కకు చెప్పేసినాను, ఇంక మిరపకాయలకు బెదరవద్దని. ఆ కంపెనీ మనిషినీ రావద్దని చెప్పేసినాను."

"దినానికి ఇంత పడితే చేను నిలబడతాదని చిన్నాయన అంటుండాడు" అంది ఆమె. అది వీరసామి ఇంకా అనలేదు. పక్కన చేతులు చాచి తడుస్తూ, అనడానికి సిద్ధంగా ఉన్నాడు.

"పంట ఇంటికి వచ్చేదాకా నువ్వు అక్కడే ఉండమ్మా. దినమూ పంపిస్తాను. అయితే ఇక్కడ నీళ్ళు చాలా తగ్గినాయి. నువ్వు ఎట్ల పోసేదానివి? ఎంత పోయాల?"

చేనికి కొత్తగా వచ్చిన పిల్లవాడికి చెప్పినట్టు, ఒక్కో మాటా విడమరిచి చెప్పింది పట్టమ్మాళ్.

"అంచు వెంట మెల్లగా పొయ్యి నాయనా. నల్లగీత దాకా. తగ్గినంత దా పోయాల." కళ్ళు తుడుచుకుంది. "ఉప్పు మాత్రం వేయొద్దు."