పులి కోర మీద ఒట్టు

మా నాగా కొండల్లో మా జెండా, మా సర్కారే ఉండాలంటూ అన్న లానుతోషి అడవి దళంలో చేరి రెండేళ్ళయింది. జ్వరంతో ఒళ్ళు కాలిపోతుంటే ఆ తెల్లవారుజామునే దొంగచాటుగా వచ్చి, ఊరి చివర మా ధాన్యపు కొట్టులో పడుకున్నాడు. ఎవరి కడుపుమంటో గానీ, పొద్దెక్కేసరికి సైనికులు దిగారు.

"వాణ్ణి అప్పగించండి. లేదా కొట్లన్నీ తగలబెడతా" అన్నాడు అధికారి. కిరసనాయిలు డబ్బాలు వెంటే తెచ్చాడు.

వాళ్ళ దుబాసీ యాంగర్ పక్క ఊరివాడే. మా గుట్టంతా తెలుసు. మా తాతని వేలెత్తి చూపించాడు.

"సార్, బైబిల్ మీదైతే ఎవడైనా ఒట్టేస్తాడు. ఈ ముసలాయన పాత మతాన్ని వదల్లేదు. పులి కోర కరిచి చెప్పమనండి. అబద్ధమాడితే ఎవరి పేరున ఒట్టేశాడో వాళ్ళని పులి తినేస్తుంది."

"ఎవరి పేరున వేయిద్దాం?"

"ఇంకెవరు సార్? మనవడి పేరునే."

వాడి నోట్లో మట్టి పడ! నిజం చెబితే అన్నకి తుపాకీ, అబద్ధం చెబితే పులి. నోరు మెదపకపోతే కొట్టుతోపాటే బూడిద.

తాత కోర చేతిలోకి తీసుకున్నాడు. "మా ఇంటివాడెవడూ ఈ ఊళ్ళో లేడు. అబద్ధమైతే నా మనవణ్ణి పులి ఎత్తుకుపోనీ." కసుక్కున కరిచాడు.

యాంగర్ ముఖం పాలిపోయింది. "లేడు సార్. పోదాం పదండి."

అధికారి కాసేపు కొట్లవైపే చూసి, డబ్బాలు ఎత్తించాడు.

వాళ్ళు కొండ దిగాక అన్న ఒంటినిండా పొట్టుతో ఇంటికొచ్చాడు. "ఏం తాతా, పులికి నా చిరునామా ఇచ్చావటగా?"

తాత గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "ఎవరింటి అబ్బాయివి?"

"వేళాకోళమా తాతా?"

"మా ఇంటివాడెవడూ ఊళ్ళో లేడని కోర కరిచి చెప్పాను. ఆ మాట అబద్ధమైతే ఏమవుతుందో తెలుసుగా?"

"మతిపోయిందా నీకు?" అని నేనే అరిచాను.

"అరెన్లా, అతిథి వచ్చాడు. అన్నం పెట్టు" అన్నాడు తాత.

కోపంతో కంచం ఠపీమని పెట్టాను. నాకు ఇద్దరిమీదా కోపమే, అన్న కలగన్న ఆ దేశం మీద కూడా.

సర్కారుకీ దళానికీ ఒప్పందం కుదిరి కాల్పులాగాక అన్న నెలనెలా వచ్చేవాడు. పదకొండేళ్ళు తాత అదే ప్రశ్న అడిగాడు. "దారిన పోయేవాణ్ణి పెద్దాయనా" అనడం అన్నకి అలవాటైపోయింది.

చివరి రోజున అన్న పక్కన కూర్చుంటే తాత కళ్ళు తెరిచి, వాడి చెయ్యి పట్టుకున్నాడు.

"ఎవరింటి అబ్బాయివి?" అనే అడిగాడు. పట్టుకున్న చెయ్యి మాత్రం ప్రాణం పోయేదాకా వదల్లేదు.