పై పొరలో చెప్పుల జాడ

శుక్రవారం చివరి రెండు పీరియడ్లు గుట్టకింది తండా బడిలో ఎవరూ పుస్తకం తెరిచేవాళ్లు కాదు. సైన్సుతో సహా అన్నీ చెప్పే ఒక్కగానొక్క టీచరు ప్రమీలారాణి ఆరు, ఏడు తరగతుల పిల్లలను వాగొడ్డుకు తీసుకుపోయేది. ఆమెది వేంసూరు. భద్రాచలం అడవి అంచున ఉన్న ఈ బడికి వచ్చి నాలుగేళ్లయింది. ప్రయోగశాల లేదు కాబట్టి వాగునే ప్రయోగశాల చేసుకుంది. పిల్లలు మేకుతో గీరి ఏ రాయి మెత్తనో, ఏది గట్టిదో చెప్పేవాళ్లు. సున్నపురాయి పొడి మీద నిమ్మకాయ పిండి, అది బుసబుస పొంగుతుంటే చూసేవాళ్లు. గాజుసీసాలో మట్టి, ఇసుక, గులకరాళ్లు పోసి నీళ్లు కలిపి ఊపి, ఏది ముందు అడుక్కి చేరిందో రాసుకునేవాళ్లు.

అన్నిటికంటే వాళ్లకు ఇష్టం పలకరాయి చీల్చడం. వాగు కోసుకుపోయిన చోట ఒడ్డంతా పొరలు పొరలుగా ఆ రాయే. ఉలి పెట్టి సుత్తితో మెల్లగా తడితే పొర లేచి వచ్చేది. కింది పొరల్లో కోట్ల ఏళ్లనాటి ఆకుల అచ్చులుండేవి. పై పొరల్లో ఇంకా జరగనివి ఉండేవి. మొన్న ఎండాకాలంలో భద్రు చీల్చిన పలకలో పువ్వు చెక్కిన పందిరిగుంజ ఒకటి పడిపోయి కనిపించింది. ఆ గుంజ లాల్‌సింగ్ ఇంటిది. భద్రు పోయి ఆ ఇంట్లో చెప్పివచ్చాడు. వాళ్లు పందిరి కింద మంచాలు తీసేసుకున్నారు. ఎనిమిదో రోజు గాలికి పందిరి పడింది. మబ్బు చూసి ఆరబోసిన వడ్లు ఎత్తుకున్నట్టే, తండాలో అదొక మామూలు సంగతి. ప్రమీలారాణి కూడా నోటుబుక్కుల్లో కింది పొరకొక గడి, పై పొరకొక గడి గీయించేది. అచ్చుపడ్డది మాత్రం ఎన్నడూ తప్పలేదు.

ఎనభై మూడో సంవత్సరం శ్రావణంలో వాన పట్టుకుంది. ఒక శుక్రవారం కాస్త తెరిపిస్తే పిల్లలు వాగొడ్డుకు పోయారు. ఏడో తరగతి మంగ్లి పై పొర లేపింది. లేపి, ఎవరినీ పిలవకుండా అట్లనే కూర్చుండిపోయింది.

పలకనిండా చిన్నచిన్న ఒట్టికాళ్ల జాడలు, ఒకదాని మీద ఒకటి, లెక్కకు రానన్ని. అన్నీ బడికి తూర్పునున్న మిట్ట దిక్కుకే. వాటికి ఎదురుగా, బడి వైపు, ఒకే ఒక్క పెద్ద జత. అవి చెప్పుల జాడలు. కుడి మడమ కింద టైరుముక్క అతుకు, దానికి మూడు మేకులు. ఆ చెప్పుల జాడల మీదే ఇసుక ముడతలు ముడతలుగా గడ్డకట్టి ఉంది.

"ముడతలున్నయంటే మీదికెళ్లి నీళ్లు పారినట్టే గదా టీచర్," అన్నాడు భద్రు.

ప్రమీలారాణి తన కుడి చెప్పు తీసి తిప్పి చూసింది. టైరుముక్క, మూడు మేకులు. మళ్లీ తొడుక్కుంది. పిల్లలు తలా ఒక దిక్కు చూశారు.

"ఎటునుంచి పారాయో ఎవరు చెబుతారు?" అని అడిగింది. గొంతు మామూలుగానే ఉంది.

సాయంత్రం తండా పెద్ద రామ్‌సింగ్ వచ్చి పలక చూశాడు. "వాగు పొంగుతది. ఆ దినం అందరం గుట్టెక్కుదాం," అన్నాడు.

"వాగు కాదు తాతా," అంది మంగ్లి. ఇనుపతట్టలో ఇసుక పరిచి, ఒక పక్కనుంచి చెంబుతో నీళ్లు వదిలింది. ఇసుక మీద ముడతలు లేచాయి. "నీళ్లు వచ్చే దిక్కు వాలుగ ఉంటది. పోయే దిక్కు నిట్టగ ఉంటది. గిట్ల వేలు పెట్టి చూడు."

రామ్‌సింగ్ తట్టలో వేలు పెట్టి చూశాడు. పలక మీద వేలు పెట్టి చూశాడు. "గుట్ట దిక్కుకెళ్లే వస్తున్నయి," అన్నాడు నెమ్మదిగా. గుట్ట మీద ఉన్నది చెరువు. "కట్ట తెగుతది. గుట్టెక్కుతే ఎదురుపోయి చచ్చేటోళ్లం."

మర్నాడు కట్టకు మట్టి పోయడానికి మనుషులు పోయారు. చప్పుడు వినబడగానే అందరూ తూర్పు మిట్ట చేరాలని మాట అనుకున్నారు. చెప్పుల సంగతి ఎవరూ ఎత్తలేదు, నాగక్క తప్ప. నాగక్క బడి ఊడ్చి కుండల్లో నీళ్లు నింపేది. మిట్ట మీద గుడిసెలో, కళ్లు కనపడని అత్తతో ఉండేది.

"ఆ చెప్పులు నాకియ్యి టీచరమ్మా. పారేస్త."

"పారేస్తే ఆగుతుందా నాగక్కా?"

"నాకేం ఎరుక. ఇయ్యి."

ప్రమీలారాణి ఇచ్చేసింది. ఆ రోజునుంచి ఒట్టికాళ్లతోనే బడికి వచ్చింది. సెలవు పెట్టి వేంసూరు పోవచ్చు. రెండుసార్లు అర్జీ రాసింది, రెండుసార్లూ చించేసింది. తను పోతే పిల్లలను నడిపించడానికి ఇంకో టీచరు లేరు. వాన ఆగలేదు. పాఠం మధ్యలో ఆమె మాట ఆపి వినేది. పిల్లలూ వినేవాళ్లు. తర్వాత పాఠం సాగేది.

పదో రోజు, రెండో పీరియడ్‌లో, పెద్ద పశువుల మంద దిగుతున్నట్టు గుట్ట దిక్కునుంచి చప్పుడు వచ్చింది. ఎవరూ అరవలేదు. చిన్న తరగతుల పిల్లల చేతులు పెద్ద తరగతులవాళ్లు పట్టుకున్నారు. వరసగా, బురదలో ఒట్టికాళ్లతో, మిట్ట ఎక్కారు. పైన ప్రమీలారాణి తలలు లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. ఆరో తరగతి పూలి లేదు. జ్వరమంటే పొద్దున బడి మూలన బియ్యం బస్తాల చాటున పడుకోబెట్టింది తానే.

ఆమె వెనక్కి తిరిగేసరికి నాగక్క అప్పటికే దిగిపోతోంది. ఒక్క క్షణం వంగి, కాళ్ల దగ్గర ఏదో చేసుకుని, మళ్లీ లేచి పరుగెత్తింది. "నువ్వు రాకు టీచరమ్మా. పిల్లలు చూస్తున్నరు," అంది.

ప్రమీలారాణి సగం వాలు దాకా దిగింది. బడిలోంచి నాగక్క పూలిని భుజానేసుకుని వచ్చేటప్పటికి నీళ్లు మోకాళ్ల దాకా ఉన్నాయి. వాలు దగ్గరికి వచ్చేసరికి నడుము దాకా. నాగక్క పిల్లను రెండు చేతులా ఎత్తి అందించింది. ప్రమీలారాణి ఒక చేత్తో పిల్లను హత్తుకుని, రెండో చెయ్యి చాపింది. వేళ్లు తగిలాయి. అంతే, తర్వాత అంతా ఎర్రటి నీళ్లే.

నీళ్లు తగ్గేసరికి సాయంత్రమైంది. మగవాళ్లు వాగు పొడుగునా వెతికారు. నాగక్క దొరకలేదు. పూలి ప్రమీలారాణి ఒళ్లో జ్వరంతో కాలిపోతూ కళ్లు తెరిచింది.

"నాగక్క మీ చెప్పులు ఏసుకున్నది టీచర్. ఊడకుండ తాడు కట్టుకున్నది. ఎందుకని అడిగిన. రాయికి చెప్పులే ఎరుక, మనిషి ఎరుక లేదు బిడ్డా అన్నది."

ప్రమీలారాణి పిల్లను మంగ్లి ఒళ్లోకి మార్చి, లేచి, నాగక్క గుడిసెకు పోయింది. నాగక్క అత్త, ముసలి ఆదెమ్మ గడపలో కూర్చుని ఉంది. ప్రమీలారాణి ఎదురుగా కూర్చుంది. ఆదెమ్మ చెయ్యి చాపి తడుముతూ, ఆమె ఒట్టి పాదాల మీద చెయ్యి వేసింది. పంతులమ్మే అని తెలుసుకుంది.

"ఆ చెప్పులు చూర్ల దాచింది. పది దినాలు," అంది ఆదెమ్మ. "పారెయ్యవే అంటే ఇనలేదు. దాని పాదం పెద్దది. సరిపోయినయా దానికి?"

"సరిపోయినయి అవ్వా," అంది ప్రమీలారాణి.