దేముడమ్మ ఇచ్చిన నీళ్లు

మూడో బిందె దించేసరికి దేముడమ్మ మోకాళ్లు వణికిపోయాయి. వంశధార ఇసకలో తవ్విన చెలమ నుంచి ఇంటికి మైలు దూరం. అలాగని ఇంటి ముందు బావి లేదా అంటే, నిండుగా ఉంది. దాన్ని ఆనుకునే షావుకారు జగన్నాధం మొక్కజొన్న చేను. కలుపు మందు కొట్టిన ప్రతిసారీ ఆయన మనుషులు స్ప్రేయర్ డబ్బాలు ఆ బావి గట్టు మీదే కడుగుతారు. ఆ నీళ్లు తాగి మనవరాలు హర్షిత రెండుసార్లు వాంతులతో ఆసుపత్రి పాలైంది.

అరుగు మీద జగన్నాధం, ఎచ్చెర్ల యూనివర్సిటీ నుంచి వచ్చిన రాగసుధ కూర్చుని ఉన్నారు. ఆ అమ్మాయి నీళ్ల మీద పరిశోధన చేస్తోంది. ఇనప తుప్పులాంటి సన్నని పొడి కలిపి ఎండలో పెడితే నీళ్లలో మందు విరిగిపోతుందట. తర్వాత ఆ పొడిని అయస్కాంతంతో లాగేస్తారట. అలాంటి తొట్టె ఒకటి ఇక్కడ పెట్టిస్తానని, పోయిన నెల సీసాతో నీళ్లు పట్టుకెళ్లింది.

“మీ నీళ్లలో మందు జాడే లేదమ్మా. తొట్టె వేరే ఊరికి ఇచ్చేస్తున్నారు,” అంది రాగసుధ.

“నాను ముందే సెప్పలేదేటి?” జగన్నాధం ఒక కాగితం, ఇంకు పెట్టె ముందుకు తోశాడు. “బావి మంచిదని ఏలిముద్దర ఎయ్యి. రేపెవుడూ నా మీద పితూరీ సెయ్యకుండా ఉంటాది.”

దేముడమ్మ కాగితం ముట్టుకోలేదు. తప్పు తనదే. ఆ రోజు “ఎండలో నువ్వెందుకు తల్లీ, కూకో” అని సీసా తనే అందుకుంది. మర్యాద కొంప ముంచింది. ఇప్పుడు చెబితే నవ్వులపాలు. చెప్పకపోతే, ఈ మోకాళ్లు పడిపోయిన రోజున పిల్లకి ఆ బావే గతి.

“ఆ సీసాలోవి బావి నీల్లు కావు తల్లీ,” అంది ఆఖరికి. “ఇంటికొచ్చిన ఆడపిల్ల సేతికి కంపు నీల్లెలాగిస్తాను? సెలమ నీల్లు పోసేసినాను.”

రాగసుధ తల పట్టుకుంది. కోపం వచ్చింది గానీ ఎవరి మీద చూపించాలో తెలియలేదు. “మళ్లీ పరీక్ష అంటే నెల పడుతుంది. అప్పటికి తొట్టె మిగులుతుందో లేదో చెప్పలేనమ్మా,” అని, ఖాళీ సీసా తీసుకుని ఈసారి తనే బావి దగ్గరకు నడిచింది.

జగన్నాధం గొంతు పెంచాడు. “ఏలు ఎయ్యవా? రేపు నా సేలో పనికెలాగొస్తావో సూస్తాను.”

“మందొచ్చినాక కలుపుకి మమ్మల్ని పిలిసినారేటి బాబూ? నూటేబై కూలి పోయి మూడేల్లయినాది. ఇప్పుడు నీల్లూ పోయినాయి. ఇంకేటుంది మీరు తీసుకోడానికి?”

ఇంత మాట తను అన్నదంటే దేముడమ్మకే నమ్మకం కలగలేదు. జగన్నాధం ఇంకు పెట్టె మూత తెరిచి ఆమె ముందుకు జరిపాడు.

“ఎయ్యను,” అని దేముడమ్మ రెండు చేతులూ కొంగులో చుట్టుకుంది.