బల్ల కింద ఓడ

"బడిలో కథ రాసుకురమ్మంటే మీ అమ్మనేం అడుగుతావే పిచ్చిదానా, తనకి ఊహ అనేదే లేదు. నన్నడుగు," అన్నారు మా ఆయన పాపతో, సోఫాలో కాళ్ళు చాపుకుని, ఫోన్లోంచి తలెత్తకుండానే. నేను భోజనాల బల్ల మీద పాత దుప్పటి పరిచి, రేపు ఆయన వేసుకెళ్ళే చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. పక్కనే అత్తయ్య నవ్వారు. "ఊహలెందుకురా దానికి, కూరలో ఉప్పు సరిగ్గా వేస్తే చాలు."

ఊహ లేదట! ఆయన తుమ్మకముందే జేబులో రుమాలు ఉంటోందే, అది ఎవరి ఊహ? మబ్బు పట్టగానే అత్తయ్య మోకాళ్ళ కోసం నీళ్ళు కాగుతున్నాయి కదా, అదెవరిది? నేను పనిచేసే ఆఫీసులో పెద్దసారు నోరు తెరిచేలోపే ఫైలు సారు ముందుంటుంది. కొత్త ఆలోచనలు చెప్పండని అదే సారు మీటింగు పెట్టి, నేను చెయ్యెత్తితే "టీ సంగతి చూడమ్మా" అన్నారు. చిన్నప్పుడు మా ఇంటి గచ్చు నిండా బీటలు. అవి నాకు నదులు, చీమలు పడవవాళ్ళు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటిదాన్ని నేనే. చదువుకుంటే ఆ నదులన్నీ చూసొస్తాననుకున్నాను. ఊహ ఎక్కడికీ పోలేదు, ఈ ఇంట్లో చాకిరీకి కుదిరింది. ఇంతమంది ఆకళ్ళూ కోపాలూ ముందే కనిపెట్టడానికే అరిగిపోతోంది.

బల్ల కిందనుంచి మా పాప నా కాలు గిల్లింది.

"అమ్మా, ఇది ఓడ! వేలాడే దుప్పటి తెరచాప. నాన్న కెప్టెను, నానమ్మ మహారాణి."

"మరి నేను?"

"నువ్వు వంట చేస్తావు."

"ఇంకేదైనా చెయ్యకూడదా?"

పాప పెన్సిలు కొరుకుతూ నిజంగానే ఆలోచించింది. "ఇంకేం చేస్తావమ్మా నువ్వు?"

ఆయన పగలబడి నవ్వారు. "చూశావా, దానిక్కూడా తెలుసు!"

ఒళ్ళు మండిపోయింది. పాప మీద కాదు. ఏడేళ్ళకే ఆ బుర్రలో నాకు వంటగది కట్టిపెట్టిన ఈ నవ్వుల మీద. నా గచ్చు నదుల్లో నేనెప్పుడూ ఎవరికీ వండి పెట్టలేదు.

ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకేసి, దుప్పటి ఎత్తి బల్ల కిందకి దూరాను. తల ఠప్పుమని బల్లకి కొట్టుకుంది. అయినా కూర్చున్నాను.

"జరుగు. ఓడ నేను నడుపుతాను. వంట మీ నాన్న చేస్తారు."

"నాన్నకి రాదుగా?"

"నేర్చుకుంటారు. నాకు మాత్రం పుట్టుకతో వచ్చిందా?"

"ఏంటా వేషాలు?" పైనుంచి ఆయన గొంతు. "చొక్కా ఒక చెయ్యి నలిగే ఉంది!"

"ఇస్త్రీ అయిపోయిందని ఊహించుకోండి."