జానెడు కొసరు

"పాపం, దీని మడమలు చూశావా?" అన్నాడు భర్త, కుందేలును ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టుకుని.

ఆమె కాఫీ గ్లాసు పట్టుకుని అతని వెనకే నిలబడి ఉంది. చూసింది. వెనక కాళ్ళ మడమల దగ్గర బొచ్చు ఊడిపోయి, చర్మం ఎర్రగా కంది, ఒకచోట పుండు పడింది. దూది అని పేరు పెట్టుకుంది కూతురు. ఇప్పుడు ఒళ్ళంతా దూదే, ఆ రెండు చోట్ల తప్ప. అత్తగారు కళ్ళజోడు వెతుక్కుని మరీ వచ్చారు. పన్నెండేళ్ళ కూతురు ఏడుపు లంకించుకుంది. ఒక జత కాళ్ళ చుట్టూ ఇంటిల్లిపాదీ చేరి అంతసేపు కూర్చోవడం ఆమె ఈ ఇంటికొచ్చాక చూడలేదు. తను మాత్రం కూర్చోలేదు. పొయ్యి మీద పాలున్నాయి. ఒంటికాలి మీద నిలబడి, రెండో పాదాన్ని పిక్కకేసి రాసుకుంటూ అంతా విన్నది.

తప్పు తీగవలది. పెరట్లో దూది తిరగడానికి కట్టిన కంచె గదికి నేలగా తీగవల వేయించింది భర్తే, ఏడాది కిందట. "పెంటంతా కిందికి రాలిపోతుంది, నీకు కడిగే పని తప్పుతుంది" అని పెద్ద ఉపకారం చేస్తున్నట్టు చెప్పాడు. రాలడం నిజమే. రాలి, వల కింద బెత్తెడు సందులో పోగుపడింది. రోజూ పొద్దున్నే నేలకు చెంప ఆనించి, పొడుగు కర్రతో దాన్ని బయటికి లాగుతున్నది ఎవరో అతను ఇప్పటిదాకా అడగలేదు. అడిగితే చెప్పాలని ఆమె మొదట్లో అనుకుంది. తర్వాత ఆ అనుకోవడం కూడా మానేసింది. కర్రతో లాగుతూ దూదితోనే కబుర్లు చెప్పేది. ఆ ఇంట్లో ఆమె మాట చివరిదాకా వినేది అదొక్కటే. అదైనా కంచె ఉంది కాబట్టి.

పశువుల డాక్టరమ్మ మందు రాసి, నేల మార్చమంది. "కుక్కకీ పిల్లికీ ఉన్నట్టు వీటి పాదాలకి మెత్తలుండవండీ. ఉన్నదల్లా బొచ్చే. తీగ మీదా గట్టినేల మీదా అది అరిగిపోతుంది. నొప్పి పుట్టినా అరవవు. ఓ మూల కూర్చుంటాయి, అంతే" అందట. భర్త ఇంటికొచ్చి ఈ మాటలు రెండుసార్లు చెప్పాడు. "నోరులేని జీవం. మనమే కనిపెట్టి చూసుకోవాలి" అని తన మాట కూడా ఒకటి కలిపాడు. నోరున్న జీవాల సంగతి డాక్టరమ్మ చీటీలో లేదు.

ఆమె బట్టల కొట్టులో పనిచేస్తుంది. తొమ్మిది గంటలు బల్ల వెనక నిలబడి తానులు విప్పడం, కొలవడం, మళ్ళీ చుట్టడం. కొనేవాళ్ళకు మెత్తటి కుర్చీలున్నాయి. అమ్మేవాళ్ళు కూర్చుంటే కొట్టుకు కళ పోతుందని యజమాని నమ్మకం. ఇంటికొస్తే వంటింట్లో అద్దంలా మెరిసే రాతి నేల ఎదురుచూస్తూ ఉంటుంది. నాలుగేళ్ళుగా పొద్దున్న మంచం దిగి వేసే మొదటి అడుగు మేకు మీద వేసినట్టుంటుంది. కాళ్ళ కింద మెత్తగా ఏదైనా వేసుకోమనీ మధ్య మధ్య కూర్చోమనీ డాక్టరు చెప్పాడు. "చెప్పులు మార్చి చూడరాదూ, నిలబడి పనిచేసేది నువ్వొక్కదానివేనా?" అన్నాడు భర్త. ఒకసారి ఆమె వంటింట్లోకి కుర్చీ తెచ్చుకుంది. "ముప్పై ఏళ్ళు నిలబడే వండి వార్చాను. నావి మాత్రం కాళ్ళు కావా?" అన్నారు అత్తగారు. ఆ సాయంత్రానికి కుర్చీ ముందుగదికి వెళ్ళి పాత పేపర్లను కూర్చోబెట్టుకుంది. ఆమెకు అత్తగారి మీద కోపం రాలేదు. అవీ కాళ్ళేనని ఆవిడకు ఆ ముప్పై ఏళ్ళలో ఎవరూ చెప్పి ఉండరు.

దూది నేల గురించి మాత్రం రెండు పూటలు చర్చ జరిగింది. "సిమెంటు చేయించేద్దాం, బకెట్టు నీళ్ళు కొడితే సరి" అన్నాడు భర్త. "గోనెపట్టాలు పరవండి, వారానికోసారి ఉతికితే పోయె" అన్నారు అత్తగారు. "గడ్డే ఉండాలి, రోజూ కొత్తది" అంది కూతురు. నీళ్ళు కొట్టేది, పట్టాలు ఉతికేది, గడ్డి కోసేది ఎవరన్న ప్రశ్న ఎవరికీ రాలేదు. ఆఖరికి భర్త ఒళ్ళు విరుచుకుంటూ లేచి, "నువ్వే చూసి తెచ్చెయ్. నీకైతే తెలుస్తుంది" అన్నాడు. ఎక్కడ లేని గౌరవమూ ఆమెకు ఇలా పనిరూపంలోనే వస్తుంటుంది.

సెలవురోజు ఇంటిసామాను కొట్టుకు వెళ్ళి, నేల మీద పరిచేదేదైనా చూపించమంది. కొట్టు నడిపేది ఒక పెద్దావిడ. ఎత్తు పీట మీద దర్జాగా కూర్చుని, మెడలో కొలతటేపు వేసుకుని, "నిలబడేది ఎవరమ్మా దాని మీద?" అని అడిగింది.

"కుందేలండీ."

పెద్దావిడ నవ్వలేదు. చాపలు, పలకలు, తివాచీ ముక్కలు వరసగా పరిపించింది. ఆమె చెప్పులు విప్పి ఒక్కొక్కదాని మీదా వట్టికాళ్ళతో నిలబడి చూసింది. బట్టయితే చేత్తో చూస్తాం, నేలను కాలితోనే కదా చూడాలి. చెక్కపలక బాగానే ఉంది కానీ తడిస్తే జారుతుంది. ప్లాస్టిక్ గడ్డి గుచ్చుకుంది. ఆ తర్వాత నల్లటి మందపాటి రబ్బరు మీద కాలు పెట్టింది.

అది ఆమె బరువుకు కొద్దిగా దిగింది. అంతే. నొప్పి మాయమేమీ కాలేదు. కానీ మడమ కిందినుంచి ఎవరో "సర్లే, నీ బరువు కాస్త ఇటివ్వు" అన్నట్టుగా అనిపించింది. అలాగే నిలబడిపోయింది.

"అది మంగలి కొట్లవాళ్ళూ మిషన్ల దగ్గర నిలబడేవాళ్ళూ పట్టుకెళ్తారమ్మా" అంది పెద్దావిడ. "కుందేలు రబ్బరు కొరికిందంటే కడుపులో అడ్డం పడుతుంది. మీకది పనికిరాదు."

"అవునండీ, నాకు పనికిరాదు" అని ఆమె దిగిపోయింది.

చివరికి మందంగా అల్లిన గడ్డి చాప తీసుకుంది. కొరికినా ప్రమాదం లేదు. తీగవలను నేలలో పాతేస్తే దూది సొరంగం తవ్వుకుని పారిపోదు. పైన మట్టి, మట్టి మీద పచ్చిక, అది పడుకునే సగంలో ఈ చాప. కొలత చెప్పి కోయించింది.

ఇంటికి తెచ్చి, వారంలో మట్టీ పచ్చికా సిద్ధం చేశాక పరిస్తే జానెడు ఎక్కువైంది. బట్టల కొట్టులో ఏది కోసినా కొలత మీద జానెడు కొసరు వెయ్యడం అలవాటు, ఉతికితే గుడ్డ కుదించుకుపోతుందని. ఆ చేతి అలవాటుతో చాపకూ జానెడు కలిపేసింది.

"చాపను కూడా ఉతికి ఆరేస్తావా? దూదికి లంగా కుట్టిద్దామనుకున్నావేమో!" అని భర్త విరగబడి నవ్వాడు. కూతురూ నవ్వింది. ఆమె కూడా నవ్వింది, నిజంగానే నవ్వొచ్చింది. మిగిలిన ముక్కను కోసి చేతిలోకి తీసుకునేసరికి నవ్వు ఆగింది. జానెడు వెడల్పు, నాలుగడుగుల పొడవు. ఎవరికీ అక్కర్లేని ముక్క. తీసుకెళ్ళి పొయ్యి ముందు వేసింది. పక్కపక్కన పెడితే రెండు పాదాలూ సరిగ్గా పట్టాయి. ఆ పూట వంట దాని మీద నిలబడే చేసింది. రబ్బరంత మెత్తనిది కాదు కానీ, రాయి కాదు. ఎవరినీ అడక్కుండా, ఎవరిచేతా మాట పడకుండా దొరికిందని మురిసిపోయింది.

మర్నాడు పని నుంచి వచ్చేసరికి పొయ్యి ముందు రాతినేల మెరుస్తోంది. ముక్క గుమ్మం దగ్గరుంది. దాని మీద బురద బూట్లు, వరసగా.

"వంటింట్లో ఊరికే పడుంటే నేనే తెచ్చి వేశా" అన్నాడు భర్త టీవీ మీంచి చూపు తిప్పకుండా. "బూట్లకి భలే సరిపోయింది."

"పొయ్యి దగ్గర చాపేమిటి, నిప్పంటుకుంటుందని నేనే తియ్యమన్నాను" అన్నారు అత్తగారు.

ఆమె బూట్లు దాటుకుని పెరట్లోకి వెళ్ళింది. దూది చాప మీద ఒక పక్కకు ఒరిగి, వెనక కాళ్ళు బారజాపి పడుకుని ఉంది. మడమల మీద సన్నగా నూగు మొలుస్తోంది. దాని పక్కనే పచ్చికలో ఆమె చతికిలబడింది. నొప్పి అని ఇంట్లో ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. ఫలానాది నాకు కావాలి అని మాత్రం ఒక్కసారీ అనలేదు. దూదికి కొలిచి తెచ్చింది. తనకు మిగిలింది వేసుకుంది, అదీ దొంగతనంగా. మిగిలినది కాబట్టే ఎవరైనా తీసుకుపోవచ్చు. ఇన్నేళ్ళ కాపురంలో తన వాటాకు వచ్చినవన్నీ జానెడు కొసర్లేనని తోచి ఆమెకు ఏడుపొచ్చింది. లోపలినుంచి "టీ పెట్టావా?" అని కేక వినిపించింది. ఆమె లేవలేదు. దూది చెవి ఒకటి అటు తిప్పి, మళ్ళీ వాల్చేసింది.

మర్నాడు పనికి వెళ్ళేముందు ఇంటిసామాను కొట్టు దగ్గర ఆగింది. నల్లటి రబ్బరు చుట్టను చూపించి, కోయమంది.

"అదా? వద్దని చెప్పానుగా, కుందేలు కొరుకుతుంది" అంది పెద్దావిడ. "అయినా కొలతెంత?"

ఆమె కొట్టు మధ్యలో చెప్పులు విప్పింది. ఇక్కడ పొయ్యి అనుకుని మొదలుపెట్టి, గిన్నెలు తోమే తొట్టిదాకా, అక్కణ్ణుంచి కూరలు తరిగే గట్టుదాకా, తను రోజూ తిరిగే నేలంతా నడిచి చూపించింది. "ఇంత. బట్టల కొట్టులో నా బల్ల వెనక్కి ఇంకోటి."

పెద్దావిడ మెడలోంచి టేపు తీసింది. "ఇంత నేలా! నిలబడేది ఎవరమ్మా?"

"నేను."