ఎల్లక్క కొడుకు బాయిల దూకిన ముచ్చట

పొద్దున కోళ్ల గూడు ఊడుస్తుంటే నూకల నడుమ తెల్లటి గోలీలు కనపడ్డయి రజితకు. వంగి ఏరింది. ఆరు. ఒకదాన్ని పుంజు పొడిచి వదిలేసినట్టుంది, దానికి గూడ రుచించలేదు పాపం. అవి ఏడేండ్ల బిడ్డ లాస్యకు వరంగల్ డాక్టరమ్మ రాసిచ్చిన గోలీలు. రోజుకొకటి, పొద్దున తిన్నంక. రజిత ఆశా కార్యకర్త. తెల్లారకముందే వండిపెట్టి ఏడింటికల్ల ఊరు మీద పడుతది గనుక గోలి వేసే పని అత్త ఎల్లక్కకు అప్పజెప్పింది. "ఏసిన తియ్" అని వారం నుంచి అంటనే ఉన్నది అత్త. వేసింది మనుమరాలి నోట్ల కాదు, గూట్ల. బీపీ గోలి మింగనని మొండికేసిన ముసలోళ్లతోని ఊరంత మింగించిన రజిత, సొంతింట్ల ఒక్క గోలిని బిడ్డ నాలుక మీదికి చేర్చలేకపోయింది.

"పసిపోరికి పిచ్చి మందు పోస్తుంటే చూసుకుంట కూసోవాల్నా?" అన్నది ఎల్లక్క, దొరికిపోయినందుకు ఇసుమంత గూడ తగ్గకుండ. "కాలు నిలవకపోతే తాయెత్తు కడుతరు గని గోలీలేందే?"

రజిత మళ్ల చీపురు అందుకున్నది. అనాలనుకున్న మాటలు ఆమె కడుపుల ఎన్ని పేరుకున్నయంటే, కుప్ప పోస్తే కాళేశ్వరం కాడ గోదారికి అడ్డం కట్ట అయితది. లాస్య ఒక్కకాడ కుదురుగ కూసోదు, అంతే సంగతి. తింటుంటే లేస్తది, రాస్తుంటే లేస్తది, మాట సగంల విడిచి గోడ ఎక్కుతది. బడి మొదలై నాలుగు నెలలు గాలేదు, రెండు బ్యాగులు పారేసుకొని మూడోది నడుస్తున్నది. "ఈ నెల చూస్తం మేడం, మార్పు లేకపోతే వేరే బడి చూసుకోండ్రి" అన్నది టీచరు. ఆ ముచ్చట ఇంట్ల చెప్తే మొగుడు ఉపేందర్ ఫోన్ల నుంచి తల ఎత్తకుండనే "పొద్దంత ఊరోళ్ల పిల్లల బరువు తూస్తవు, నీ పిల్ల ఎట్లున్నదో తెల్వదు, గదే నీ పెంపకం" అన్నడు. ఆ పొద్దు రజిత నాలుగు కిలోమీటర్లు నడిచి వచ్చి, బియ్యం కడుగుతున్నది. "మా వంశంల గిసొంటోళ్లు పుట్టలే. మీ తల్లిగారి దిక్కు చూస్కో" అని కూడ అన్నడు. అత్తేమో "ఆడపిల్ల గిట్ల దుంకితే రేపు ఎవడు చేసుకుంటడు" అని పిల్ల వీపు మీద ఒక్కటి ఇచ్చింది. ఆ చప్పుడు రజితకు పొయ్యి కాడికి వినపడ్డది. బిడ్డ ఏడ్వలేదు. ఎందుకు కొట్టిన్రో అప్పటికే మరిచిపోయింది. అది గుర్తొచ్చినప్పుడల్ల రజిత పండ్లు కొరుకుతది.

గూడు ఊడ్వడం అయింది. చేతుల ఆరు గోలీలు. అప్పుడు తట్టింది రజితకు, అత్త దగ్గర ఒక నిధి ఉన్నదని.

నిధి అంటే కొడుకు చిన్నప్పటి ముచ్చట్లు. పెండ్లయినా, బతుకమ్మ అయినా, నలుగురు ఆడోళ్లు కలిస్తే ఎల్లక్క మూట విప్పుతది. ఉపేందర్ ఆరేండ్లకు బాయిల దూకి చేతుల కప్పతోని పైకొచ్చిండు. రజిత కాపురానికి వచ్చినేడు ఆ బాయి లోతు రెండు నిలువులు. ఏడాదికింత తవ్వుకుంట వచ్చి ఇప్పుడు ఆరు నిలువులు చేసింది ఎల్లక్క, చేతుల కప్ప గూడ తాబేలు అయింది. బడిల పంతులు కుర్చీకి మేకను కడితే అది కుర్చీతో సహా తొర్రూరు అంగడి దాక పోయిందట. వినేటోళ్లు కడుపు పట్టుకొని నవ్వుతరు. "మొగపోరడంటే గట్లుండాలె" అని ముగిస్తది.

ఆ సాయంత్రం పప్పు వడ్డించుకుంట రజిత మెల్లగ అన్నది. "అత్తమ్మా, డాక్టరమ్మ ఇంటి పెద్దోళ్లతోని మాట్లాడాలంటున్నది. నీ కొడుకు చిన్నతనం గురించి నీకు తెలిసినట్టు ఎవలకు తెలుసు?"

"నాకు గాక ఎవలకు తెలుసు" అన్నది ఎల్లక్క, చీరె ఏది కట్టుకోవాల్నో అప్పుడే ఆలోచన పడి.

"నేనూ వస్త. ఆ డాక్టరును నాలుగు అడిగేటియి ఉన్నయి" అన్నడు ఉపేందర్. రజిత అతనికి ఇంకో గరిటె పప్పు వేసింది.

డాక్టరమ్మ గదిల నలుగురు కూసున్నరు. కూసున్నది ముగ్గురు, లాస్య బరువు తూసే మిషను ఎక్కి దిగుతున్నది. ఉపేందర్ గూడ కుర్చీల కాలు ఆడిస్తనే ఉన్నడు, గని ఆ సంగతి ఎవరు చూస్తరు? రజిత చూసింది.

"ఇంట్ల ఇంకెవరన్న చిన్నప్పుడు ఇట్ల ఉండెనా?" అని అడిగింది డాక్టరమ్మ.

"మా దిక్కు ఎవ్వలు లేరు మేడం. ఈమె తల్లిగారింట్ల అడుగుండ్రి" అన్నడు ఉపేందర్.

రజిత పైట సర్దుకున్నది. "అత్తమ్మా, ఆ బాయి ముచ్చట జర చెప్పు."

ఎల్లక్క చెప్పింది. చెప్తుంటే బాయి ఏడు నిలువులు అయింది. డాక్టరమ్మ నవ్వుకుంట ఒక ఫారం ముందట పెట్టుకొని కలం తీసింది. "మరి బళ్లె కూసునేటోడా?" "ఏడ కూసుంటడు, మూడేండ్లు ఒకటో తరగతే." "సామాన్లు పారేసుకునేటోడా?" "ఇప్పుడు గూడ. మొన్న ట్రాక్టరు తాళంచెవి పారేసిండు, రెండు దినాలు ఊరంత ఎతికినం." "చెప్పేది పూర్తిగ వినేటోడా?" "పెండ్లి నాడు అయ్యగారు మంత్రం చదువుతుంటే లేచిపోయిండు, లారీ వచ్చిందని." ఒక్కొక్క జవాబుకు కాయితం మీద ఒక్కొక్క గీత. ఉపేందర్ కాలు ఆగింది. "ఓయమ్మా, ఊకో" అన్నడు. ఎల్లక్క ఊకోలేదు. చెప్తుంటే ఒక్క మనిషి ఇంత ఓపికగ వినడం ఆమె బతుకుల ఇదే మొదలు.

మేక తొర్రూరు చేరినంక డాక్టరమ్మ కలం పెట్టింది. "ఇది పెంపకం తప్పు కాదు, ఎవరి తప్పు గాదు. ఎత్తు వచ్చినట్టే ఇదీ వంశంల వస్తది. పాపకు ఎక్కువగ నాయిన దిక్కు నుంచి వచ్చినట్టున్నది. గోలి తోని కొంచెం నిలకడ వస్తది, ఆకలి తగ్గితే నాకు చెప్పాలె. ఇంతకు పొద్దున ఎవరిస్తరు?"

అత్త, మొగుడు అలవాటుగ రజిత దిక్కు చూసిన్రు. రజిత గోడ మీది క్యాలెండరు చూసింది. చూస్తనే ఉన్నది. ఈలోపు లాస్య మూడు సార్లు మిషను ఎక్కి దిగింది.

"నేనిస్త" అన్నడు ఉపేందర్, ఆఖరికి.

"మేడం" అన్నది రజిత, "పెద్దోళ్లకు గూడ ఇసొంటి ఫారం ఉంటదా?"

ఉంటది. పద్దెనిమిది ప్రశ్నలు.

ఇప్పుడు రోజూ పొద్దున ఉపేందరే అటుకులు తినిపించి గోలి వేస్తడు. లాస్య నోరు తెరిచి చూపిస్తది. నెల తిరిగే వరకు పిల్ల లెక్కల నోటుల ఒక పేజీ నిండుగ రాసింది, టీచరు వేరే బడి మాట ఎత్తలేదు. ఎల్లక్క మాత్రం ఆ ముచ్చట్ల మూట విప్పుతలేదు. బతుకమ్మ కాడ ఆడోళ్లు అడిగితే "ఏముందే, చిన్న కుంట, కాలు జారిండు" అన్నది.

డాక్టరమ్మ కాడ అడిగి తెచ్చిన ఆ పెద్దోళ్ల ఫారం అద్దం పక్కన గోడకు కొట్టిన మొలకు వేలాడుతున్నది, దారంతోని కలం కట్టి. "నీ పెంపకం..." అని ఉపేందర్ నోరు తెరిచిన పూట రజిత తడి చేతులు కొంగుకు తుడుచుకొని అద్దం దాక పోతది, ఒక్క గీత పెట్టి వచ్చి మళ్ల బియ్యం కడుగుతది. పదకొండు ప్రశ్నలకు గీతలు నిండినయి. మిగిలిన ఏడు అతని నోట్లనే ఉన్నయి.